ఎలిశబెతు కౌలు తోట

ఎలిశబెతు కూర్చుని ఉండగా చూసినవాళ్లు ఆ పాళెంలో తక్కువ. అన్నం కూడా నిలబడే తింటుంది. కంచం ఎడంచేత్తో పట్టుకొని వంటింట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూ నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కొని తోటకు బయల్దేరుతుంది. "కూర్చోని తినవే, అన్నమేమన్నా పారిపోతాదా?" అని మొగుడు టైటస్ పెళ్లయిన ఇరవై ఆరేళ్ల నుంచీ అడుగుతూనే ఉన్నాడు. ఆమె వింటూనే ఉంది. చర్చిలో మాత్రం కూర్చోక తప్పదు గనక కూర్చుంటుంది. అదీ చివరి వరసలో, గుమ్మం పక్కన, ప్రసంగం మరీ సాగితే లేచి బయటికి పోయి వచ్చే వీలున్నచోట.

ఈ మార్చి నెలలో అయితే ఆమె బొత్తిగా కాలుగాలిన పిల్లి అయిపోయింది. ఉగాదికి ఇంకా ఇరవై రోజులున్నాయి. ఆమె కౌలుకు చేస్తున్న ఎకరంపావు తోటలో వెయ్యి అరటి చెట్లున్నాయి, ముప్పాతిక వంతు గెలలు వేశాయి. వాటిలో పది పదిహేను తప్ప మిగతావి కోతకు రావాలంటే రెండు నెలలు ఆగాలి. భూమి నెల్లూరులో ఉండే జీవానందం సారుది. ఆయన కొడుకు సుశీల్ కుమార్ నాలుగు రోజుల కింద ఫోన్ చేశాడు. "అక్కా, ఉగాదికల్లా ఖాళీ చెయ్యాల. రొయ్యల గుంటకి ఇచ్చేస్తా ఉండాం" అన్నాడు. చెట్ల మీదున్న గెలలు ఏం చెయ్యమంటావని ఆమె అడిగేలోగా పెట్టేశాడు.

అప్పటినుంచి ఆమె రోజుకు మూడుసార్లు తోటకు పోయి వస్తోంది. పోయి చేసేదేం లేదు. ఎండుటాకు కనిపిస్తే కోస్తుంది, గెల బరువుకు ఒరిగిన చెట్టుకు సర్వి కర్ర ఊతం సరిచేస్తుంది, గట్టు మీద నిలబడి పక్కకు చూస్తుంది. అల్లూరుకు తూర్పున, సముద్రం వైపు పోయేకొద్దీ ఒకప్పుడు వరీ అరటీ ఉన్న చోట ఇప్పుడు గుంటలే. ఆమె తోటకు మూడు వైపులా అవే. ఉత్తరపు గుంటలోంచి ఉప్పునీళ్లు ఊరి, ఆ గట్టున రెండు వరసల చెట్ల ఆకులు అంచుల వెంట మాడిపోతున్నాయి. అలాగని రొయ్యల్ని నోరారా తిట్టుకునే అదృష్టం కూడా ఆమెకు లేదు. టైటస్ ఆ ఉత్తరపు గుంట మీదే కాపలా, నీళ్లు చిలికే మిషన్లు చూసుకుంటాడు. "మనింట్లో బియ్యం రొయ్యలవి, కూర అరటిది" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది.

అరటి ఆమెకు కొత్త కాదు. అమ్మమ్మా అమ్మా ఒకళ్ల తోటల్లో గెలలు మోసిన కూలివాళ్లు. పన్నెండో ఏట ఎలిశబెతు కూడా చుట్టకుదురు నెత్తిన పెట్టుకొని గట్లమీద నడిచింది. అరటి బంక పడి పాడైన రవికలు తప్ప ఆ ఇంట్లో ఆడపిల్లలకు వేరే రవికలుండేవి కావు. నలభై దాటాక, జీవానందం సారు రిటైరై తన పొలం ఎవరికైనా కౌలుకిద్దామనుకుంటున్నాడని విని, ఎవరూ అడక్కముందే పోయి అడిగింది. ఒకే చర్చి సంఘం వాళ్లు. ఆయన పుట్టింది ఆ పాళెంలోనే. కాగితం లేదు, సంతకం లేదు. ఏటా ఉగాదికి ముందు కౌలు ఇచ్చెయ్యాలన్నది ఒక్కటే మాట.

తోట ఆమెదే అయినా ఊరికి అలా కనపడదు. నెల్లూరు నుంచి మినీ లారీ వేసుకొని వచ్చే వ్యాపారి గెలలు చూసి, ఆమె ముందే నిలబడి, "మీ ఆయన లేడా?" అని అడుగుతాడు. ఆడదానితో బేరమాడితే పరువు పోతుందని కాబోలు. టైటస్‌కి చక్కెరకేళికీ అమృతపాణికీ తేడా తినేదాకా తెలియదు. అయినా పిలుచుకొచ్చి నిలబెట్టక తప్పదు. వ్యాపారి ఒక మాటంటాడు, ఎలిశబెతు వెనకనుంచి "చాలదను" అంటుంది, టైటస్ "చాలదు" అంటాడు. అలా ఎన్ని బేరాలు తెగాయో. చివరికి వ్యాపారి టైటస్‌తో, "నువ్వు గట్టోడివి అన్నా" అంటాడు. ఆ పూట టైటస్ మీసం దువ్వుకుంటాడు, ఆమె పిల్లకాలవలో కాళ్లు కడుక్కుంటూ నవ్వుకుంటుంది.

ఇంకో తమాషా. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే ఈ మనిషికి పంచాంగం కంఠతా వచ్చు. శ్రావణ శుక్రవారాలు ఎప్పుడు, దసరా ఎప్పుడు, పెళ్లి ముహూర్తాలు ఏ నెలలో మూసుకుపోతాయి, అన్నీ తెలుసు. వాటినిబట్టే గెల ధర. కార్తీకంలో దీపాలు వదలడానికి అరటి దొప్పలు కావాలని జనం ఎగబడతారని, కోత అయిన చెట్ల బోదెలు కొట్టి దొప్పలు చేసి అల్లూరులో అమ్ముతుంది. పాస్టరుగారు ఒకసారి కాస్త మొహం ముడుచుకొని అడిగితే, "నేను దీపం పెట్టటంల్యా అయ్యగారూ, దొప్ప అమ్ముతా ఉండా" అంది. ఆయన మళ్లీ అడగలేదు.

అరటితో వచ్చిన చిక్కు ఏమిటంటే అది చేలోంచి పోదు. వరి కౌలుదారైతే కోత కోసుకొని గట్టు దిగి వెళ్లిపోతాడు, భూమిగలవాళ్లు వచ్చే ఏడు ఇంకొకరికిస్తారు, లేదా ఇంకో మడికి మారుస్తారు. ఒకే మనిషిని ఒకేచోట ఎక్కువకాలం ఉంచడమంటే వాళ్లకు దడ. అరటి అలా కాదు. తల్లి చెట్టు గెల వేసేసరికి చుట్టూ పిలకలు లేస్తాయి. సన్నని ఆకులతో సూటిగా లేచిన సూది పిలకను ఒక్కదాన్ని వదిలి మిగతావన్నీ తవ్వి తీసేయాలి. తల్లిని నరికేసరికి ఆ పిలక ఎదిగి రెండో పంటకు సిద్ధంగా ఉంటుంది. దాని పక్కన ఇంకొకటి. మొక్క పాతుకున్నట్టే మనిషీ పాతుకుంటుందేమోనని భూమిగలవాళ్ల భయం. అందుకే ఊళ్లో రైతు కేంద్రంలో పనిచేసే మెర్లిన్ అనే అమ్మాయి, "పిన్నీ, కౌలు కార్డు తీసుకో, గాలివానకు తోట పడిపోతే నష్టం నీ పేరుమీద రాస్తాం" అని ఎన్నిసార్లు చెప్పినా పని కాలేదు. కార్డుకు భూమిగలవాళ్ల సంతకం కావాలి. రెండేళ్ల కింద డిసెంబరు గాలికి చెట్లు పడ్డప్పుడు పరిహారం సారు ఖాతాలోనే పడింది. ఆయన మంచివాడు కాబట్టి సగం పంపాడు. మిగతా సగం సంగతి ఆమె అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

పడిపోయిన తోటను తీసేసి తర్వాతి ఏప్రిల్‌లో కొత్త పిలకలు పెట్టింది. నిరుడు మార్చిలో మొదటి గెల దిగింది. తొమ్మిది అత్తాల గెల, అంటే తొమ్మిది వరసల కాయలు. సరిగ్గా కోత పండుగకు దిగింది. అక్కడే ఆమె నోరు జారింది.

ఆ సంఘంలో కోత పండుగంటే క్రిస్మస్ తర్వాత అంత పండుగ. ఎవరి పంటలో మొదటి భాగం వాళ్లు తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు పెడతారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, వేటకు పోయేవాళ్లయితే వంజరం చేప కూడా. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం. వేలంలో ధరకూ వస్తువుకూ సంబంధం ఉండదు. ఒక్క గుడ్డు మూడొందలు పలుకుతుంది. ఎంత ఎక్కువకు పాడితే దేవుడికి అంత ఇచ్చినట్టు. వేలానికి ముందు, కృతజ్ఞత చెప్పాలనుకున్నవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. చివరి వరస ఎలిశబెతు ఆ రోజు ముందుకు నడిచింది, మైకు పట్టుకుంది. "మా అమ్మమ్మ, మా అమ్మ ఒకళ్ల తోటల్లో గెలలు మోసీ మోసీ పోయినారు. ప్రభువు నాకు తోటనిచ్చినాడు. నా తోటలో గెల నేనే కోసి తెచ్చి ఆయన ముందర పెడతా ఉండా" అంది. చర్చి అంతా స్తోత్రం అంది. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికల్లా ఆ వీడియో, కింద "ఎలిశబెతమ్మ గారి తోట" అని రాసి, పాళెం గ్రూపులన్నీ తిరిగి నెల్లూరు చేరింది. అక్కడ జిరాక్స్ షాపు నడుపుకునే సుశీల్ కుమార్ దాన్ని చూశాడు, ఒకసారి కాదు. అప్పటిదాకా అగ్రిమెంటు లేదు, కార్డు లేదు అని ధైర్యంగా ఉన్నవాడు, రెండొందల మంది ముందు మైకులో చెప్పిన మాటకు జడిశాడు. ఏడాదిగా ఆ భయం మనసులో ఉండగానే, ఈ మార్చిలో గుంటలవాళ్లు కబురు పెట్టారు.

ఇదంతా ఎలిశబెతుకు మెర్లిన్ ద్వారా తెలిసింది. ఫోన్ వచ్చిన ఐదో రోజు పొద్దున్నే ఒక అత్తం పచ్చి కాయలు గుడ్డసంచిలో వేసుకొని బస్సెక్కింది. సీటు ఖాళీ ఉన్నా కూర్చోలేదు. కండక్టరు రెండుసార్లు చెప్పి ఊరుకున్నాడు. నెల్లూరులో దిగి, ఆటోకు ఆగలేక, ఎండలో నడిచే పోయింది.

జీవానందం సారు వరండాలో ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. ఆమె స్తంభం పక్కనే నిలబడింది.

"సార్, ఇంకో రెండు నెలలు ఆగితే గెల దిగుతాది. కౌలు డబ్బులు ముందే కట్టేస్తా. గెలలున్న తోటని యాడన్నా తవ్విస్తారా సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ తుడిచాడు. "అమ్మా, ఆ భూమి రిజిస్ట్రేషన్ అయిన రోజు మా నాయన గట్టు మీద కూర్చోని ఏడ్చినాడు. అదే చేలో ఆయన ఇంకొకళ్ల కింద కూలి చేసినాడు. మా వంశంలో అదే మొదటి భూమి. నీకు నేను వేరే చెప్పాల్నా?"

"నాకు తెలుసు సార్."

"నువ్వు చర్చిలో మాట్లాడింది విన్నప్పుడు నాకు సంతోషమే అయింది. నిజంగా. తెల్లారి మాత్రం మనసు నిలవలా. నువ్వు చెడ్డదానివని కాదు, ఎలిశబెతూ. భూమి చేతులు మారేది ఎట్టనో చూసినోణ్ణి."

లోపలినుంచి సుశీల్ కుమార్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, మర్యాదగానే మాట్లాడాడు. "అక్కా, గుంటాయన నువ్విచ్చేదానికి రెండింతలిస్తానంటా ఉండాడు. నాన్న మాత్రం నిన్నే ఉంచమంటా ఉండాడు. సరే, నాదొక్కటే మాట. వచ్చే ఆదివారం కోత పండగ. పోయినేడు యాడ నిలబడి చెప్పినావో ఆడనే నిలబడి, ఆ తోట మాదని, నీకేం హక్కు లేదని చెప్పు. నేను ఫోన్లో తీసుకుంటా. అది నాకాడ ఉంటే చాలు. రెండేళ్లు తోట జోలికి రాను."

"అంతేనా?" అంది ఎలిశబెతు.

"అంతే అక్కా."

ఆమె సంచిలోని కాయలు తీసి అరుగు మీద పెట్టి వచ్చేసింది.

తిరుగు బస్సులోనూ నిలబడే ఉంది. అడిగింది అబద్ధమా? కాదు. భూమి సారుదే. కాదని ఆమె ఏనాడూ అనుకోలేదు. చెప్పమన్న మాట నిజమే, చెబితే రెండేళ్ల పంట దక్కుతుంది, చెప్పకపోతే ఇరవై రోజుల్లో పొక్లెయిన్ దిగుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? భూమి సారుది, సరే. పిలకలు మూడు ఊళ్లు తిరిగి ఏరి తెచ్చింది ఎవరు? పెంట తోలించింది ఎవరు? పడిపోయిన చెట్ల కింద దేవుణ్ణి తిట్టుకుంటూ మళ్లీ గుంతలు తవ్వింది ఎవరు? ఆ సంగతి చెప్పడానికి ఏ రిజిస్ట్రేషన్‌లోనూ చోటు లేదు. ఒక్క చర్చిలోనే చెప్పుకుంది. ఇప్పుడు అదీ వెనక్కి తీసుకోమంటున్నారు. ఆమెకు సారు మీద కోపం రాలేదు, సుశీల్ మీదా రాలేదు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడమే ఆమెను ఎక్కువ కుదిపింది.

ఆ వారం ఆమె ఇంట్లో నిలవలేదు. టైటస్‌తో చెబితే, "చెప్పెయ్యవే. నోటి మాటే గదా, పోయేదేముంది?" అన్నాడు. శనివారం తోటంతా నాలుగు చుట్లు తిరిగి ఒక గెల ఎంచింది. నిరుటిదానికంటే పెద్దది, పది అత్తాలు, కాయ కాయకూ గుండ్రదనం వచ్చింది. టైటస్ కోసి ఇస్తానన్నా వినకుండా తానే కోసింది. బంక చేతుల మీదుగా మోచేతులదాకా కారింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. బల్ల ముందు ధాన్యం బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు, మధ్యలో ఆమె గెల. నెల్లూరు నుంచి సారూ సుశీలూ వచ్చారు. సాక్ష్యాల సమయం రాగానే ఆమె చివరి వరసలోంచి లేచింది. సుశీల్ కుమార్ నడిమధ్యలో నిలబడి ఫోన్ ఎత్తాడు.

"అందరికీ వందనాలు" అంది. "పోయినేడు నేను ఈడ నిలబడి నా తోట అన్నాను. ఆ తోట నాది కాదు. జీవానందం సారు వాళ్లది. నేను కౌలుదాన్ని. దాంట్లో నాకే హక్కూ ల్యా. సారు దయవల్ల చేసుకుంటా ఉండా."

సాక్ష్యం ముగిస్తే స్తోత్రం అనడం అలవాటైన ఒక ముసలాయన, మాటలు సరిగ్గా వినకుండానే, "స్తోత్రం" అన్నాడు. ఆయన వెనక నలుగురైదుగురు అన్నారు. ఎలిశబెతు మైకు ఇచ్చేసి వచ్చింది. జీవానందం సారు తల వంచుకొని పాటల పుస్తకంలోకి చూస్తున్నాడు. అప్పుడు ఏ పాటా లేదు.

తర్వాత వేలం. సంఘ పెద్ద సంజీవరావు ఏటా తానే వేలంపాట నడుపుతాడు. ముందు తెచ్చినవాళ్ల పేరు, ఆ తర్వాత వస్తువు చెప్పడం ఆనవాయితీ. ఫలానావారి కోడి, ఫలానావారి గుమ్మడికాయ అంటూ అరగంట నడిచింది. గెల దగ్గరికొచ్చేసరికి ఆయన ఆగాడు. చేతిలో చీటీ మీద ఎలిశబెతు పేరే ఉంది. ఇందాక మైకులో విన్న మాట వేరే ఉంది. పాపం, మంచిగానే ఆలోచించాడు. సారు వైపు చూసి, కొంచెం గొంతు పెంచి, "జీవానందం సారు గారి గెల!" అన్నాడు. "పది అత్తాలు! రెండొందల నుంచి మొదలు!"

గుమ్మం దగ్గర ఎలిశబెతు చటుక్కున తలెత్తింది. తోట తనది కాదంది. గెల తనది కాదనలేదు. అలా కాదని లేచి అరవబోయి ఆగింది, సుశీల్ చేతిలో ఫోన్ ఇంకా ఎత్తే ఉంది.

"ఐదొందలు" అన్నారెవరో. సుశీల్ కుమార్ నవ్వుతూ, నాన్న పేరుమీద పలికిన గెలను వదిలితే బాగుండదని, "వెయ్యి" అన్నాడు.

"పదకొండొందలు" అంది ఎలిశబెతు.

అందరూ వెనక్కి తిరిగారు. టైటస్ ఆమె కొంగు పట్టుకొని లాగాడు. సుశీల్ పదిహేనొందలన్నాడు, ఆమె పదహారన్నది. అతను రెండు వేలన్నాడు. ఆమె లేచి నిలబడింది. "మూడు వేలు."

చర్చిలో నవ్వులు లేచాయి. పోటీ మంచి రసపట్టులో ఉందనుకున్నారు. పాస్టరుగారు చప్పట్లు కొట్టించారు. సుశీల్ చేతులెత్తి దణ్ణం పెట్టి, "ఇంక నావల్ల కాదు అక్కా, తీసుకో" అన్నాడు సరదాగా. సంజీవరావు మూడుసార్లు పిలిచి ఆమె పేరుమీద వేలం కొట్టేశాడు. ఆమె జాకెట్లోంచి చిన్న పర్సు తీసింది. సోమవారం పొటాష్ బస్తాలకని దాచినవి మూడు వేల రెండొందలు. లెక్కపెట్టి మూడు వేలు కానుకల సంచిలో వేసింది. జీవానందం సారు అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు.

గెలను ఎవరి సాయం లేకుండా నెత్తికెత్తుకుంది. చుట్టకుదురు కూడా లేదు. టైటస్ ఎండలో ఆమె వెనకే పరుగులాంటి నడక నడిచాడు. చర్చి సందు దాటి కాలవ గట్టెక్కేదాకా బిగబట్టుకున్న కోపం అక్కడ బయటపడింది.

"నీకేమన్నా మతి పోయిందా? ఎరువుకి పెట్టుకున్న డబ్బులు! అబ్బాయికి కోపమొస్తే ఏం గావాల? తోటలో ఏడెనిమిదొందల గెలలు పెట్టుకొని, మనం కోసిన గెలనే మనం కొనుక్కుంటామా ఎక్కడన్నా?"

ఆమె ఆగలేదు. గెల బరువుకు మెడ బిగిసి ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"తోటలో ఉండేటివి సారువి. నేనే చెప్పినా గదా, అందరూ విన్నారు" అంది. "ఇది నేను కొన్నా. ఇదొక్కటి నాది."